బోరుకు పోసిన నీళ్ళు

మా బోరు ఎండిపోయిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మా అవ్వ మాత్రం ప్రహరీగోడ దగ్గరికి వెళ్ళి, అవతలికి వినబడేలా గొంతు సవరించుకుని, పక్కింటాయన తాతముత్తాతలందరినీ ఒక్కొక్కరినే పలకరించి వచ్చింది. తర్వాత చేతులు కడుక్కుందామని కొళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది.

మాది ఎమ్మిగనూరులో నూలుకు రంగులు వేసే ఇల్లు. మగ్గం ముందు కూర్చునేవాడికి నూలుంటే చాలు, మాకు నీళ్ళు కావాలి. నూలు ఉడకబెట్టడానికి నీళ్ళు, రంగులో ముంచడానికి నీళ్ళు, మిగులు రంగు వదిలేదాకా జాడించడానికి ఇంకా నీళ్ళు. మా రెండువందల అడుగుల బోరు నా కంటే ముందు పుట్టింది, నా కంటే బాగా సంపాదించింది. పక్కింటాయన బండ్లు కడిగే వాటర్ సర్వీసు పెట్టి, మా గోడకు ఆనుకుని ఆరువందల అడుగులు దించాక నెల తిరక్కుండానే మా మోటారు గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఇటు మా దండెం మీద రంగు పడని నూలు తెల్లగా వేలాడుతుంటే, అటు ఆయన గొట్టం పట్టుకుని ట్రాక్టరు టైర్లకు అభ్యంగనం చేయించేవాడు. ఆయన కట్టేది కూడా తెల్లపంచె, తెల్లచొక్కా. బురదలో పనిచేసే మనిషి బట్టల మీద ఒక్క చుక్క ఉండదు. నాకు ఆయన మీద పగ పుట్టింది నీళ్ళ వల్ల అని అందరికీ చెప్తాను. సగం ఆ చొక్కా వల్ల.

పంచాయితీ నూలు అంగట్లో జరిగింది. ఆ అంగడి యజమానే మా వీధికి పెద్దమనిషి. పక్కింటాయన నిలబడి చెప్పాడు.

"నా నీళ్ళు యేరప్పా, వాళ్ళ నీళ్ళు యేరు. నాది నది తట్టు ఊట. తుంగభద్ర కాడి నుంచి నేరుగా వస్తాండాది. వాళ్ళది గుట్టల తట్టు ఊట. అది సచ్చిపాయ. దానికి నేనేం సేసేది?"

అని మంత్రాలయం దిక్కుకు చెయ్యి చాపి ప్రమాణం కూడా చేశాడు. అవ్వ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. విరుగుతుందేమోనని ఎదురుచూసినట్టుంది. విరగలేదు.

పెద్దమనిషి చిలపలు, అంటే నూలు కట్టలు, సర్దుకుంటూ తీర్పు చెప్పాడు. "భూమిలోకి దిగి సూసినోళ్ళు ఎవరున్నారప్పా? రెండూ ఒగే నీళ్ళని రుజువు తేండి. పొద్దున్నే గంటసేపు ఈయన బోరు నుంచి మీకు పైపు ఇడిసేట్టు నేను సెప్తా."

"సరేలే అన్నా," అన్నాడు మా నాన్న. ఆయన జీవితంలో సగం ఈ మాటలోనే గడిచిపోయింది. మిగతా సగం రంగు బానల దగ్గర గడిచింది, అదీ అయిపోయేలా ఉంది. మరుసటి వారమే ఆదోని పోయి, పత్తి మిల్లులో బేళ్ళు మోసే పని అడిగి వచ్చాడు. ఉగాది తర్వాత రమ్మన్నారట. వేలిగోళ్ళలో నీలం ఇంకా పోని మనిషి ఆ సంగతి అన్నం తింటూ చెప్పాడు, పచ్చడి బాగుందని చెప్పినట్టు.

నేను అప్పుడు ఆదోనిలో డిగ్రీ చదువుతున్నాను, భూగర్భశాస్త్రం. కోరి చేరానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, మిగతా సీట్లు అయిపోయాయి. మా సారు నీటి సర్వేల పాఠం మొదలుపెట్టి, మొదటి రోజుల్లో పంపులూ కంప్యూటర్లూ లేకుండా నీటి లోతు ఎలా కొలిచేవాళ్ళో చూపించాడు. ఇనుప టేపుకు సుద్ద పూసి బావిలోకి దించుతారు. సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి లెక్క కడతారు. మమ్మల్ని షేర్ ఆటోల్లో కుక్కి ఆస్పరి, ఆలూరు పల్లెలకు తీసుకుపోయి మరీ కొలిపించాడు. దేవనకొండ దగ్గర ఒక రైతు నేను టేపు పైకి లాగేదాకా ఓపిగ్గా నిలబడి అడిగాడు.

"సుద్ద తడిసిందా అప్పా?"

"తడిసింది పెద్దాయనా."

"మంచిది. ఇంగ నా సేను ఎప్పుడు తడుస్తాది?"

ఇంకోరోజు మధ్యాహ్నం క్లాసులో సారు మరో పాత పద్ధతి చెప్పాడు. యూరప్‌లో ఒక నది దారిలోనే భూమిలోకి ఇంకిపోయేదట. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలియక జనం తగువులాడుకునేవాళ్ళు. చివరికి శాస్త్రవేత్తలు ఆ ఇంకే చోట రంగు కలిపి కూర్చున్నారు. కొన్నాళ్ళకు ఎంతో దూరంలో ఇంకొకరి ఊట పచ్చగా పొంగింది. తగువు తేలిపోయింది.

క్లాసు మొత్తం నిద్రపోతోంది. రంగులు వేసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు మాత్రం లేచి కూర్చున్నాడు. శాస్త్రం మీద ప్రేమ పుట్టిందని సారు అనుకున్నాడు, పాపం. నా కళ్ళ ముందు తెల్లచొక్కా ఆడుతోంది.

సంగతి విన్న అవ్వ వెంటనే నల్లరంగు డబ్బా తీసింది. చీర అంచులకు వేసేది, ఎంత ఉతికినా చావదు. "ఇది పోస్తే వాని మనవడు కూడా నల్లగా పుడతాడు," అంది. అది బోర్లలోకి వదిలే సరుకు కాదని, మనుషులకు హాని చేయని పొడి వేరే ఉందని, సారును అడిగి తెస్తానని చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"రంగులోళ్ళ ఇంట్లో పుట్టి, రంగు అడుక్కొస్తావురా?"

తెచ్చాను. ఎర్రటి పొడి, కాగితం పొట్లంలో కాస్తంత. అవ్వ చెంబునీళ్ళలో చిటికెడు వేసింది. నీళ్ళు చిలక రెక్కలా పచ్చగా మెరిశాయి. ఆమె చెంబును ఎండలోకి పట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది.

"పనికొస్తాదిలే," అంది. మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద మెప్పు లేదు.

ఇక్కడొక చిన్న ఇబ్బంది. ఆ యూరప్ వాళ్ళకు రంగును మోసుకుపోవడానికి ఒక నది ఉంది. మాకు ఉన్నది ఎండిన గొయ్యి. రంగు కదలాలంటే నీళ్ళు పొయ్యాలి. అంటే, మా నీళ్ళు ఎటు పోయాయో నిరూపించడానికి ట్యాంకరు నీళ్ళు కొనాలి. నాన్నకు చెబితే కాసేపు ఆలోచించి, "సరేలే," అన్నాడు.

పట్టపగలు, వీధి మొత్తం చూస్తుండగా ట్యాంకరు మా గుమ్మం ముందు ఆగింది. నెలల తరబడి కడవలు మోసుకుంటున్న ఇల్లు, వచ్చిన నీళ్ళను బోరులోకి ఒంపుతోంది. ఎదురింటి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో అవ్వను ఆస్పత్రిలో చూపించమన్నారు, ఎవరో నన్ను. పక్కింటాయన గోడ మీద మోచేతులు ఆనించి ఈ సంబరం చూశాడు.

"ఏమప్పా, బోరుకు దప్పికయిందా?"

"అవును మామా. గొంతెండి పడుంది."

"పొయ్యి, పొయ్యి. బాగా పొయ్యి. యాడికీ పోవులే, అట్లే లోపల ఉంటాయి."

పొట్లం విప్పి ధారలో కలిపాను. అప్పటికి ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏమీ జరగలేదు. ఆ పై రోజూ జరగలేదు. అవ్వ భోజనం వడ్డించేటప్పుడు ముందుగా అందరికీ వడ్డించి, చివర్లో, "శాస్త్రవేత్తకు కూడా కొంచెం," అనేది. ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మా నాన్న తల మీద పత్తి బేలు ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి. నవ్వు తెప్పించే బొమ్మ కాదు. నవ్వుకుందామన్నా నా వల్ల కాలేదు.

ఆ తర్వాతి పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే గోడవతల కేక వినబడింది. కొత్త తెల్లకారు, దాని యజమాని నెత్తి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందన్నా ఇది? కారుకు ఆకుపసరు పూస్తాండావా?"

పక్కింటాయన చేతిలోని గొట్టం పచ్చగా కక్కుతోంది. కారు బానెట్టు పచ్చ, కాలవ పచ్చ. కంగారులో గొట్టం తన వైపే తిప్పుకున్నాడు. పంచె, చొక్కా, ఇన్నేళ్ళ తెలుపు మొత్తం ఒక్క క్షణంలో. నేను బ్రష్షు నోట్లో పెట్టుకునే అవ్వను పిలిచాను. ఆమె వచ్చి చూసింది. గొంతు సవరించుకుంటుందనుకున్నాను. సవరించుకోలేదు. మాట అవసరం లేని సందర్భం ఆమె జీవితంలో అదొక్కటే.

ఆయన అదే బట్టలతో నూలు అంగడికి పరుగెత్తాడు. మేమూ వెళ్ళాం. రంగు పెన్సిళ్ళతో నేను గీసిన రాతి పొరల చార్టు చంకలో ఉంది. రాత్రుళ్ళు అద్దం ముందు ప్రసంగం కూడా సాధన చేశాను.

"సూడండప్పా నా గతి!" పంచె కొస పట్టుకుని చూపిస్తున్నాడు. "వీళ్ళు వాళ్ళ బోరులో పోసిన రంగు నా బోరులోకి వచ్చింది! నా యాపారం మునిగిపాయ! వీళ్ళ రంగుల పని మూయించండి!"

చార్టు విప్పబోయి ఆగాను.

"మామా, మా బోరులో పోసింది మీ బోరులోకి వచ్చిందంటారా?"

"అనేదేంది? కండ్లతో సూస్తాంటే!"

"తుంగభద్ర తట్టు నుంచి వచ్చిందేమో కదా?"

"యాడి తుంగభద్ర! ఈ గోడవతల నుంచే..."

అక్కడ ఆగాడు. పచ్చచొక్కాలో మనిషి తెల్లబడటం నేను అప్పుడే చూశాను. పెద్దమనిషి చిలపలు కింద పెట్టాడు.

"ఇంగొకసారి సెప్పు నాయనా, సరిగ్గా ఇనపడల్యా."

పక్కింటాయన మంత్రాలయం దిక్కుకు మాత్రం చూడలేదు. ప్రసంగం నాకే మిగిలిపోయింది. ఇప్పటికీ నోటికి వచ్చు, అడిగేవాళ్ళు లేరు.

ఉగాదికి ముందే గోడ మీదుగా పైపు పడింది. నాన్న ఆదోని వెళ్ళలేదు, మిల్లువాళ్ళు ఆయన కోసం కబురూ చేయలేదు. పగ తీరిందని రాస్తే ఇక్కడికి బాగానే ముగుస్తుంది గానీ, మా అవ్వ ఆ మాట ఒప్పుకోదు. పొద్దున్నే గోడ పక్కన కుర్చీ వేయించుకుని, ఆకువక్క నములుతూ కూర్చుంటుంది. ఒకరోజు వాల్వు తిప్పడానికి పక్కింటాయన తన పనివాణ్ణి పంపాడు. నీళ్ళు వచ్చాయి, తొట్టి నిండుతోంది. అవ్వ పైపు తీసి పక్కన పడేసింది.

"కట్టెయ్యప్పా. మీ యజమానిని రమ్మను. మా నీళ్ళు ఆయనే ఇడవాల."

ఆయన వచ్చాడు. తెల్లచొక్కానే. చంకల దగ్గర పచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. వంగి వాల్వు తిప్పాడు. అవ్వ నిదానంగా వక్క ఉమ్మి, పైపు తొట్టిలో పెట్టింది.