ఎర్రనీళ్ళ గుండె

మొన్న గుండెకి ఎకో పరీక్ష చేయించుకున్నాను. డెబ్బై దాటిన మనిషికి అదేమంత విశేషం కాదు, మన ఈడువాళ్ళందరం ఈమధ్య కూరగాయలకి వెళ్ళొచ్చినంత తేలిగ్గా వెళ్ళి చేయించుకొస్తున్నాం. కానీ ఆ మసక గదిలో పక్కకి తిరిగి పడుకుని, ఛాతీ మీద చల్లటి జెల్లుతో, తెర మీద నా గుండెను నేనే చూసుకుంటూ ఉంటే, లోపల సన్నటి రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించేసరికి నా మనసు ఆ గదిలో నిలవలేదు. బోయిగూడలో మా సందు మొదట్లో ఉండే బోరింగు దగ్గరికి పోయింది. పరీక్ష చేస్తున్న అమ్మాయి ఒక వాల్వు దగ్గర కాస్త లీకుందనీ, ఈ వయసుకి మామూలేననీ చెప్పింది. నేను నవ్వాను. పాపం, ఆ అమ్మాయి కంగారుపడింది. ఎందుకు నవ్వానో చెప్పాలంటే నా పదో తరగతి దాకా వెనక్కి వెళ్ళాలి.

చేతిపంపుని అప్పట్లో అందరం బోరింగనే అనేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది. మా నాన్నగారు కృష్ణాజిల్లా నుంచి వచ్చి మోండా మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. బోయిగూడలో మా పక్కవాటాలో ఉండే చాచా ఆ చుట్టుపక్కల బోరింగులన్నిటికీ వైద్యుడు. ఆయన పద్ధతే వేరు. సంచీలోంచి పానాలు తీయకముందే బోరింగు గొట్టానికి చెవి ఆనించి, నీళ్ళకొచ్చిన ఏ ఆడవాళ్ళనో నాలుగుసార్లు పంపు కొట్టమని, ఆ చప్పుడుని బట్టి పైన తోలు వాషరు పోయిందో, కింద వాల్వు పోయిందో చెప్పేసేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే పోయి ఉండేది.

నాకు డాక్టరు చదవాలని ఉండేది. నాన్నగారికేమో పది కాగానే నన్ను టైపులో చేర్చాలని. కప్పల్ని కోసే చదువు ఆడపిల్లకెందుకని ఆయన వాదన. రోజూ నా పోరు పడలేక ఒకనాడు భోజనాల దగ్గర, బడిలో జరగబోయే సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చుకుంటే బైపీసీలో చేర్పిస్తానని అమ్మ ఎదుట మాటిచ్చారు. నేను తేలేనన్న ధీమాతోనే ఇచ్చారు లెండి. అయితే ఆయన ఆడినమాట తప్పే మనిషి కాదు. నాకు కావలసింది అంతే.

పనిచేసే గుండెను తయారు చేస్తానని సైన్సు టీచరమ్మకి చెప్పేశాను. ఆటో హారన్లకుండే రబ్బరు బుడ్డలు రెండు, మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళగొట్టం నాలుగు గజాలు సంపాదించాను. గుండెలో కుడి సగం, ఒళ్ళంతా తిరిగి అలసి వచ్చిన ముదురురంగు రక్తాన్ని ఊపిరితిత్తులకి పంపుతుందనీ, అక్కడ గాలి నింపుకుని ఎర్రగా మారి వచ్చినదాన్ని ఎడమ సగం మళ్ళీ ఒళ్ళంతటికీ తోస్తుందనీ టీచరమ్మ చెప్పిన పాఠం నాకు నోటికి వచ్చు. కాబట్టి కుడి బుడ్డలో నీలిమందు నీళ్ళు, ఎడమ బుడ్డలో ఎర్రనీళ్ళు పోసి, ఒక్కో బుడ్డకి లోపలికొక గొట్టం, బయటికొక గొట్టం పెట్టి వాకిట్లో కూర్చుని నొక్కాను. నీళ్ళు రెండు గొట్టాల్లోకీ పరుగెత్తాయి, వదలగానే రెండింట్లోంచీ వెనక్కి వచ్చాయి. ఎన్నిసార్లు నొక్కినా ఉయ్యాల ఊగినట్టు అటూ ఇటూ ఊగడమే తప్ప ఒక్క చుక్క ముందుకి కదిలితే ఒట్టు.

పనినుంచి వస్తున్న చాచా కాసేపు నిలబడి చూసి, చేతిసంచీ పక్కన పెట్టి నా ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"నొక్కుడు గొప్ప కాదు బిడ్డా. పోయినదాన్ని వాపస్ రానియ్యకుంట ఆపుడు గొప్ప."

ఆ ఒక్క మాటతో, పుస్తకంలో నేను వల్లెవేసిన కవాటాలు ఎందుకున్నాయో మొదటిసారి అర్థమైంది. చాచా పల్చటి తోలు కత్తిరించి ఒక్కో గొట్టం మొదట్లో ఒక్కవైపే తెరుచుకునే తలుపులు బిగించాడు. బుడ్డ నొక్కితే లోపలికొచ్చే దారి తలుపు ఠపీమని మూసుకుని నీళ్ళు బయటిదారి పట్టేవి, వదిలితే బయటి తలుపు మూసుకుని కొత్త నీళ్ళు లోపలికొచ్చేవి. డాక్టర్లు వినే లబ్, డబ్ అన్న రెండు చప్పుళ్ళూ ఆ తలుపులు మూసుకునేవేనని టీచరమ్మ చెప్పిందని నేనంటే, చాచా ఆశ్చర్యపోలేదు సరికదా, అంతేగా మరి అన్నట్టు తలాడించాడు. వారంరోజులు నాచేత కళ్ళు మూయించి బుడ్డకి చెవి పెట్టించి వినిపించాడు. చేతికి తెల్వంది చెవికి తెలుస్తదని ఆయన నమ్మకం.

ఇక మా అమ్మ సంగతి. ప్రదర్శన రోజు పొద్దున్నే, నలుగురి కళ్ళూ పడే వస్తువు కదా అని, నేను కలుపుకున్న ఎర్రసిరా నీళ్ళు పారబోసి, పసుపూ సున్నం కలిపి హారతికి చేసే ఎర్రనీళ్ళు సీసా నిండా పోసి ఇచ్చింది. ఎరుపుకి ఎరుపు, దిష్టికి దిష్టి అంది. నాకూ బాగానే తోచింది, రంగు మాత్రం ఎంత చక్కగా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం ముగ్గురు న్యాయనిర్ణేతలు, వాళ్ళ వెనక హెడ్మిస్ట్రెస్సు నా బల్ల దగ్గరికొచ్చారు. పక్కబల్ల మీద పొగలు కక్కే అగ్నిపర్వతం చుట్టూ బడి సగం మూగి ఉంది. కొట్టు మూసుకుని వచ్చిన నాన్నగారు తలుపు దగ్గర నిలబడ్డారు. నీలం బుడ్డ నొక్కాను, నీళ్ళు హాయిగా చుట్టూ తిరిగొచ్చాయి. ఎర్రబుడ్డ నొక్కాను. ముందుకి వెళ్ళాయి, వెళ్ళినంతా వెనక్కొచ్చాయి. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. పెద్దాయనొకరు జాలిగా నవ్వి పక్కబల్ల వైపు అడుగు వేశారు. నా బైపీసీ కళ్ళముందే నడిచి వెళ్ళిపోతోంది.

ఒక్క నిమిషం ఆగమని అడిగి, అంతమంది ఎదుట వంగి బుడ్డకి చెవి ఆనించి నొక్కాను. లబ్ వినిపించింది. వదిలాను. డబ్ రావలసినచోట సుయ్‌మంది. అంటే లోపలి తలుపు బాగానే ఉంది, బయటి తలుపు మూసుకోవడంలేదు. గొట్టం పీకాను. ఎర్రనీళ్ళు బల్లగుడ్డ మీదా నా తెల్ల ఓణీ మీదా పడ్డాయి. తోలు అంచున నూకగింజంత సున్నపు పలుకు ఇరుక్కుని ఉంది. మా అమ్మ దిష్టి తీసిన సున్నం! గోటితో గిల్లి పారేసి, గొట్టం బిగించి, మిగిలిన నీళ్ళు పోసి నొక్కాను. లబ్. డబ్. ఎర్రనీళ్ళు గొట్టమంతా తిరిగి బుడ్డలోకి వచ్చి పడ్డాయి.

వెళ్ళబోయిన పెద్దాయన వెనక్కొచ్చి, నిజం మనిషిలో ఇలాగే జరిగితే ఏమవుతుందని అడిగారు. పంపిన రక్తమే వెనక్కొస్తుంటే గుండె చేసిన పనే మళ్ళీ చేసి చేసి అలిసిపోతుందనీ, చివరికి ఉబ్బిపోతుందనీ, బోరింగు కొట్టే చెయ్యి అలిసిపోయినట్టేననీ చెప్పాను. అగ్నిపర్వతానికి రెండో బహుమతి వచ్చింది. నాన్నగారు నా ఓణీ మీది ఎర్రమరకలు చూసి, "రేపు కాలేజీ ఫారం ఎక్కడిస్తారో కనుక్కో" అన్నారు. ఆరోజు అల్లంత దూరానున్న మెట్టుగూడ దాకా ఎగురుకుంటూ వెళ్ళమన్నా వెళ్ళేదాన్ని.

తరవాత నిజంగానే మెట్టుగూడలో క్లినిక్కు పెట్టి నలభై ఏళ్ళు జనం గుండెలు విన్నాను. కానీ వైద్యం చదివే రోజుల్లో, నాన్నగారే కొనిచ్చిన స్టెతస్కోపు నేను మొట్టమొదట ఆనించింది చాచా గుండెకే. చొక్కా గుండీలు విప్పుకుని, ఊపిరి బిగబట్టి అడిగాడాయన.

"వాషర్లు ఎట్లున్నయ్ బిడ్డా?"

కొత్తవాటిలా ఉన్నాయని చెబితే సందంతా చెప్పుకు తిరిగాడు.

ఇప్పుడా బోరింగు లేదు, అక్కడ అపార్టుమెంటు గేటు వచ్చింది. చాచా పోయి చాలాకాలమైంది. మొన్న పరీక్ష చేసిన అమ్మాయి నేను కలలో కూడా చూడనంత స్పష్టంగా నా గుండెను చూసింది, మెచ్చుకోవలసిందే, కానీ ఒక్కసారీ చెవి పెట్టలేదు. ఇంటికొచ్చి రిపోర్టు విప్పి చూస్తే లీకున్నది ఎడమవైపు, బయటికి పోయే దారి వాల్వు. అదే తలుపు! పాత స్టెతస్కోపు దులిపి నా గుండె మీద నేనే పెట్టుకున్నాను. లబ్ గట్టిగా ఉంది. డబ్ కూడా ఉంది, దాని తోకన సన్నగా సుయ్‌మని వినిపించిందో, వినిపించినట్టనిపించిందో. డెబ్బై ఏళ్ళుగా వాషరు మార్చకుండా, ఒక్కపూట ఆగకుండా నీళ్ళిచ్చిన బోరింగుని మీరెక్కడైనా చూశారా? చాచా ఉంటే వెళ్ళి చూపించేదాన్ని. ఎట్లున్నయ్ బిడ్డా అని అడిగేవాళ్ళెవరూ లేక, కొత్తవాటిలాగే ఉన్నాయి చాచా అని నాకు నేనే పైకి చెప్పుకున్నాను.