మొదలు గేటు దాటినోళ్లు

మా మామ లింగస్వామికి ఒకటే పిచ్చి. ఇంట్లో ఏ సంగతైనా ఎటూ తేలకపోతే, ఆ తర్వాత మొదట గేటు దాటి వచ్చినవాళ్ల మాటే దేవుడి మాట. వచ్చింది ఎవరైనా సరే. "దేవుడు గుళ్లనే ఉంటడా? ఎవని నోట్లకెల్లి మాట్లాడాల్నో గాయన ఇష్టం. మనమెవలం చెప్పనీకి?" అంటాడు.

నా పెళ్లీ అట్లాగే కుదిరింది. కూతురు అంకితను నాకివ్వాలా వద్దా అని ఇల్లంతా తర్జనభర్జన పడుతుంటే గ్యాస్ సిలిండర్ మోసుకుంటూ ఒకాయన వచ్చాడట.

"ఆ పోరనికి పిల్లనియ్యాల్నా, వద్దా?"

"ఏ పోరడు సార్?"

"గదంత నీకెందుకు? చెప్పు."

"ఇచ్చెయ్యుండ్రి సార్. బండ్ల ఇంకా పన్నెండు సిలిండర్లున్నయ్."

అలా ఇబ్రహీంపట్నం అల్లుణ్ణయ్యాను. దేవుడు నన్ను మెచ్చాడో, ఆలస్యమవుతోందని వదిలించుకున్నాడో ఇప్పటికీ అర్థం కాదు.

మొన్న మామ ఇంట్లో మా పాపకు తొట్టెల. ఊయలలో వేసి పేరు పెట్టాలి. మా అమ్మ మాణిక్యమ్మ తన తల్లి పేరే పెట్టాలంది. అత్తమ్మ ఇంద్రమ్మ తన తల్లి పేరే అంది. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "నా మాట పోతే చాయ్ గూడ తాగకుండ ఇంటికి పోత" అని మా అమ్మ చెప్పులు కుర్చీ కిందే పెట్టుకుని కూర్చుంది. పాపకు పేరు పెట్టకముందే రెండిళ్లూ విడిపోయేలా ఉన్నాయి.

మామ కుర్చీ తీసుకుని గేటు దగ్గరకు పోయాడు. "మొదలు గేటు దాటినోళ్లు పెట్టిందే పేరు" అన్నాడు. ఎదుటావిడ ఓడితే చాలని వియ్యపురాళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

అక్కడి నుంచే నా బుర్ర తిరగడం మొదలైంది. పాలాయన వస్తే మామ గోడ మీదుగానే పాలు అందుకున్నాడు. మా చిన్నాన్న వస్తే "ఆగు, కాలు లోపట పెట్టకు!" అని అరిచాడు. చివరికి పంతులుగారిని కూడా, "అయ్యగారూ, జర వెనుక దర్వాజకెల్లి రాండ్రి" అని పంపాడు.

"మామా, ఇప్పటికి ముగ్గురొచ్చిండ్రు గదా?"

"వచ్చిండ్రు. గేటు దాటిండ్రా?"

"గేటు మీరే పట్టుకున్నరు గదా!"

"నువ్వు ఫికర్ చెయ్యకు అల్లుడా."

పది దాటాక ఇమామ్ బీ వచ్చింది. ఈ సందులో ప్రతి పెళ్లికూతురికీ గాజులు తొడిగింది ఆమే. నిరుడు భర్త సలాహుద్దీన్ పోయినప్పటి నుంచి శుభకార్యాలకు ఆమెను ఎవరూ పిలవలేదు. అంకిత సీమంతానికి మేమూ పిలవలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మామ గేటు బార్లా తెరిచాడు. "రా అక్కా. మా పిల్లకు పేరు పెట్టు."

ఆమె వాకిట్లో ఆగిపోయింది. "నేనా తమ్మీ? నేను పెట్టొచ్చునా?"

"మొదలొచ్చింది నువ్వే. ఇంకెవలు పెడ్తరు?"

ఇమామ్ బీ పాప చేతులకు నల్ల గాజులు తొడిగి, కాసేపు ముఖంలోకి చూసి, "సాయిశ్రీ" అంది. ఎట్లా తట్టిందని అడిగితే, "ఎర్కలే బిడ్డా, నోట్లకు వచ్చింది" అంది.

మా అమ్మ అత్తమ్మను చూసింది. అత్తమ్మ మా అమ్మను చూసింది. ఇద్దరూ ఓడారు కాబట్టి గొడవ మిగల్లేదు. మా అమ్మ చాయ్ అడిగింది. అత్తమ్మ ఇమామ్ బీ ముందు కూర్చుని, "అక్కా, నాకు పచ్చ గాజులు వెయ్యి" అని చెయ్యి చాపింది.

పోయేటప్పుడు ఇమామ్ బీ నాతో అంది. "మీ మామ పొద్దుగాలనే ఫోన్ చేసి, గాజుల పెట్టె పట్టుకొని పదింటికి రమ్మన్నడు. ఆటో దొరక్క జర లేటయింది."

నేను మామను నిలదీశాను. "దేవుడు పంపుతడంటిరి. ఫోన్ చేసింది మీరేనట గదా?"

"దేవుడు ఎవలతోనన్న పని చేయించుకుంటడు. నాతోటి చేయించుకోవద్దా?"

"మరి నా పెళ్లప్పుడు ఆ సిలిండరాయన వద్దంటే?"

మామ గేటుకు గొళ్లెం పెడుతూ అన్నాడు. "వద్దంటే, వాడు గేటు దాటనట్టే లెక్క."