మగ్గం పక్క స్తంభం

గద్వాలలో జములమ్మకు పొద్దు మగ్గం గుంటలోనే మొదలవుతుంది. కాళ్లు చల్లని గుంటలో, చేతులు కిటికీ వెలుగులో. ఆమె కలిపిన పట్టు అంచులు ఏయే ఊళ్ల పెళ్లిళ్లలో నడుస్తున్నాయో ఆమెకు తెలియదు. భర్త పోయాక ఆ గుంటే తోడు, కూడు.

ఈ వానాకాలం మగ్గం పక్క స్తంభం నిలువునా చిట్లింది. పగులు వెంట తుప్పునీరు ఎర్రని చెమటలా దిగింది. మేస్త్రీ మల్లేశ్ తట్టి చూశాడు.

"లోపల ఇనుమంత కుళ్లిపోయుంటది అక్కా. అర్ర మొత్తం కూలగొట్టాలె."

ఆ గది కూలగొడితే గుంట పూడిపోతుంది. ఈ వయసులో మరో గుంట తవ్వించి మగ్గం పాతుకోవడం తన వల్ల కాదని జములమ్మకు తెలుసు.

వనపర్తిలో వంతెనలు పరీక్షించే పని చేస్తున్న అక్క కూతురు నవ్యకు ఫోన్ చేసింది. నవ్య చక్రాలున్న చిన్న రాడార్ పెట్టె తెచ్చి, నాలుగు స్తంభాల మీదా పైకీ కిందికీ నడిపింది. తెర మీద, సిమెంటు లోపలి కడ్డీలు నెలవంకల్లా ఒకదాని కింద ఒకటి పొడిచాయి. మూడు స్తంభాల్లో తేటగా ఉన్నాయి. మగ్గం పక్కదాని అడుగున మాత్రం మబ్బు కమ్మింది.

"గీడనే ఎందుకు పాడైంది చిన్నమ్మా? ఏమన్న కలిపిన్రా?"

జములమ్మ ఆలోచించింది. "మొదలు లేపిన స్తంభం గిదే బిడ్డా. ఇంటికి దిష్టి తగలొద్దని మా అత్త కాంక్రీట్ల కల్లుప్పు పోసింది."

"ఎంత?"

"బుట్టెడు. నా కూరల ఉప్పెక్కువైందని రోజూ తిట్టేది. గీడ మాత్రం కసిదీర పోసింది!"

నవ్య నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. "ఇనుముకు ఉప్పును మించిన దిష్టి లేదు చిన్నమ్మా!"

మల్లేశ్ మబ్బున్న చోట చెక్కితే కడ్డీ పొరలుగా రాలింది. మరో స్తంభంలో చెక్కి చూస్తే ఇనుము నల్లగా, గట్టిగా ఉంది.

"జర తొందరపడ్డ అక్కా," అన్నాడు. "స్లాబు కింద జాకీలు పెట్టి గీ ఒక్కదాన్నే బాగు చేస్త."

"మరి మగ్గం?"

"గుడ్డ కప్పు. గుంట జోలికి నేను రాను."

ఇప్పుడు బాగు చేసిన స్తంభం తడి గోనెపట్టా చుట్టుకుని నిలబడి ఉంది. పొద్దున్నే దానికి నీళ్లు పోసి, చేతులు తుడుచుకుని, జములమ్మ పనికి కూర్చుంటుంది. మగ్గం మీద ఆగిపోయిన పచ్చని చీర మళ్లీ మూరెడు పెరిగింది.