మందిరంలో నోరెత్తిన రోజు

మా వీధి చివర ఉన్న పాత ప్రార్థన మందిరాన్ని వార్డు కమ్యూనిటీ హాలుగా మార్చి మూడేళ్ళయింది. బోర్డు మారినా మా వీధివాళ్ళకి మాత్రం అది ఇప్పటికీ మందిరమే. అందులో విగ్రహం ఎప్పుడూ లేదు, ప్రసాదమూ లేదు. ఆదివారం సాయంత్రం చాప మీద కళ్ళు మూసుకుని కూర్చోవాలి, వేదిక మీద పెద్దాయన చెప్పింది వినాలి, నోరెత్తకుండా ఇంటికి రావాలి. చిన్నప్పుడు నేను గుసగుసలాడితే మా అమ్మ తొడపాశం పెట్టేది. ఆ మంట నాకింకా గుర్తే.

పోయిన వానాకాలం మా కుళాయిల్లో మురుగు వాసన మొదలైంది. తాగునీటి పైపు డ్రైనులోంచి వెళ్తుంది, అదక్కడే పగిలింది. ఎనభై రెండేళ్ళ మా అమ్మకి కామెర్లు వచ్చి నెల రోజులు మంచం దిగలేదు. ఆవిడ లేచి తిరిగిన రోజే ఒట్టేసుకున్నాను, ఈ పైపు మార్పించకుండా ఊరుకునేది లేదని. మునిసిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చివరికి ఇంజనీరు గారు మా హాల్లోనే వార్డు మీటింగ్ పెట్టడానికి ఒప్పుకున్నారు.

ఆ రోజు మావాళ్ళని చూడాలి! అరుగుల మీద కూర్చుని ఇంజనీరుని కడిగేస్తామన్న వాళ్ళంతా గుమ్మం దగ్గర చెప్పులు విప్పేసి, వేసిన కుర్చీలన్నీ వదిలేసి, ఆడవాళ్ళొక పక్క మగవాళ్ళొక పక్క నేల మీద బుద్ధిగా కూర్చున్నారు. ఆయన వేదిక ఎక్కి, పైపుల సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. ఇద్దరు ముగ్గురైతే కళ్ళు కూడా మూసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనేమో ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకోమని గుమాస్తాకి చెప్పారు.

లేచి నిలబడ్డాను. పైపు సంగతి, కామెర్ల సంగతి అన్నీ చెప్పాను. ఇంజనీరు గారు నవ్వారు.

"అది మీ ఒక్కరి మాటండి. మిగతావాళ్ళందరికీ ఓకేనే కదా?"

హాలంతా కలయజూశాను. అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు మా అమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆ హాల్లో ఆవిడ గొంతెత్తడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"కామెర్లు వచ్చింది నాకు బాబూ. అది కూడా రాయించండి."

చెప్పి, కూర్చోకుండా అలాగే నిలబడింది. వెనక వరసలో ఒకావిడ, మా పిల్లకీ వచ్చాయండీ అంటూ లేచింది. తర్వాత మగవాళ్ళు లేచారు. గుమాస్తా ముందు రాసింది కొట్టేసి కొత్త కాగితం తీశాడు. వీధిలోకి నడిపించి, పగిలిన చోట గునపం దిగేదాకా ఇంజనీరు గారిని మేం జీపెక్కనివ్వలేదు.