ఆ ముసలాయనను ఎవరు మోశారు

నిన్న మా మరిది కొడుకు ఇంట్లో పురిటి శుద్ధి. తెల్లవారకముందే వెనక వసారాలో ఉన్న నా గదిలోకి వాసన వచ్చేసింది. ఆవు పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు, నెయ్యి కలిపి దర్భతో తిప్పిన పంచగవ్యం వాసన. ఇంటిల్లిపాదికీ అది మంచిరోజు వాసన. నాకు మాత్రం అది వానతోనూ తడిసిన పచ్చి వెదురుతోనూ కలిసే వస్తుంది, నలభై ఏళ్లయినా విడదీయలేకపోయాను.

మా నాన్న రాజమండ్రిలో ఇంగ్లీషు బడి పంతులు. అమ్మ నన్ను కని పోయింది, పెంచింది నాన్న తల్లి, మా మామ్మ. ఆషాఢంలో గోదావరి ఎర్రబడితే బిందె లోపల ఇండుపగింజ అరగదీసి నీళ్లు తేర్చడం, మాఘంలో నిప్పుల్లో కాల్చిన తేగలు, ఎండాకాలం ఆవకాయకి కారం దంపుతుంటే ఇల్లంతా తుమ్ములు, మధ్యాహ్నాలు గచ్చకాయల ఆట, శనివారం శనివారం నా జుట్టుకి మందారాకు రుబ్బి పట్టించే మామ్మ గరుకు చేతులు, ఇదీ నా లోకం. ఆడపిల్ల అక్షరం పడితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని మామ్మ నన్ను పలక ముట్టుకోనివ్వలేదు. అక్షరం పట్టకుండానే నాకు తొమ్మిదో ఏట మొగుడు పోయాడు.

సాయంత్రాలు పదిమంది విద్యార్థులు మా అరుగు మీద చేరేవారు. నేను తలుపు వెనక బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదాన్ని. నాన్న గ్రీకు దేశపు సంగతులు చెప్పేవాడు. ఒక విషయం తీసుకుని ఈవేళ నువ్వు అవునని వాదించు, రేపు నువ్వే కాదని వాదించు అనేవాడు. నత్తి ఉన్నవాడొకడు నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సముద్రం మీదికి అరిచి అరిచి మహా వక్త అయ్యాడని చెబితే, మర్నాడు అందరూ రేవులో రాళ్లు బుగ్గన పెట్టుకుని నిలబడ్డారు. బట్టలుతికే చాకలి మంగమ్మ చూసి, “ఏంటి బాబూ, ఇంట్లో బువ్వెట్టట్లేదా, రాళ్లు నవుల్తున్నారు?” అందిట. వారం రోజులు నవ్వుకున్నాం.

ఆ గ్రీకువాళ్లలో నాన్నకి అందరికంటే ఇష్టమైనవాడు ఒక ముసలాయన. పేరు నా నోటికి అప్పుడూ తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. చెప్పులు లేకుండా బజారు తిరుగుతూ పెద్దపెద్దవాళ్లని ఎందుకు, ఎందుకు అని అడిగేవాడుట. తప్పయిందని ఒక్క మాటంటే వదిలేస్తామన్నారు, అనలేదు. గిన్నెడు విషం ఇస్తే శిష్యుల ముందే తాగాడు. అది చెప్పిన సాయంత్రం వెంకటరత్నం అనే విద్యార్థి ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు. నేను తలుపు వెనకనుంచి, “నాన్నా, పోయాక ఆయన్ని ఎవరు మోశారు?” అన్నాను. అరుగంతా నవ్వింది. నాన్న నవ్వలేదు.

“అది ఈ పుస్తకంలో లేదమ్మా. చూసి చెబుతాను.”

పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. విధవ పిల్ల తలమీద ఇంకా జుట్టుందేమని పెద్దలు వచ్చి అదే అరుగు మీద కూర్చున్నారు. నాన్న చేతులు కట్టుకునే అడిగాడు, “పాపం వెంట్రుకల్లో ఉంటుందాండి? అయితే మన తలల మాటేమిటండి?”

వాళ్లలో పెద్దాయన లేచాడు. “నీ ప్రశ్నలు బళ్లో అడుక్కో పంతులూ. పిల్లకి గుండు అయ్యేదాకా నీ గడప తొక్కేవాడుండడు.”

అలా వెలి పడింది. మంగమ్మ మా బట్టలు మానేసింది. నూతిలో చేద వెయ్యనివ్వలేదు. అరుగు మీద పదిమంది ఆరుగురై, ఇద్దరై, చివరికి వెంకటరత్నం ఒక్కడే పెరటి సందులోంచి వచ్చేవాడు. నాన్న ఆ ఒక్కడికే పదిమందికి చెప్పినట్టు చెప్పేవాడు. మామ్మ మాత్రం శనివారం మందారాకు మానలేదు. “ఉన్నన్నాళ్లు ఉండనీ,” అనేది.

శ్రావణంలో, వరద రోజుల్లో, మామ్మ పోయింది. తెల్లవారుజామున పోతే వెదురు తెచ్చి పాడె నాన్నే కట్టుకున్నాడు. మొయ్యడానికి నలుగురు కావాలి, ఒక్కడూ లేడు. వానలో గొడుగైనా లేకుండా విద్యార్థుల ఇళ్లన్నీ తిరిగాడు. వెంకటరత్నం గుమ్మంలోకి వచ్చి, “మా నాన్నగారు కదలనివ్వరండి మాస్టారూ,” అని తలవంచుకున్నాడుట. ఆ రాత్రి గడిచింది. మర్నాడు మధ్యాహ్నానికి ఇంట్లో సాంబ్రాణికి వాసన ఆగలేదు, ఈగలు ఆగలేదు. నాన్న మామ్మ కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుని, లేచి, పెద్దల దగ్గరికి వెళ్లాడు.

తిరిగొచ్చి నా ముందు వంగినప్పుడు నాన్న నోట్లోంచి ఆ వాసన వచ్చింది. తప్పయిందని చెప్పి, ప్రాయశ్చిత్తానికి ఆకు దొన్నెడు పంచగవ్యం తాగి వచ్చాడు.

“మోసేవాళ్లు వస్తున్నారమ్మా,” అన్నాడు. ఆ మాటతో నాకు అంతా తెలిసింది. నా జడ చేతిలోకి తీసుకున్నాడు.

పదోరోజు రేవులో మంగలి మొదట నాన్న తల గీశాడు, తరవాత నా తల. రెండు జుట్లూ ఒకే ఎర్రనీళ్లలో పోయాయి. మూడు నెలలకి నాన్నకి మళ్లీ జుట్టు పెరిగింది. అరుగు మీద మళ్లీ పదిమంది చేరారు, వెంకటరత్నంతో సహా. నాన్న వాళ్లకి వ్యాకరణం చెప్పాడు, అర్జీలు రాయడం చెప్పాడు. ఆ ముసలాయన ఊసు మళ్లీ ఎత్తలేదు. నేనూ తలుపు వెనక కూర్చోలేదు.

ఇప్పుడు నాన్న లేడు, అరుగు లేదు, ఆ వీధే వెడల్పు చేసేశారు, నాకున్నది అత్తింటివాళ్ల ఈ వెనక గదే. నిన్న పురోహితుడు ఇంట్లో అందరి చేతుల్లో పంచగవ్యం పోసి నా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను కదలలేదు.

“చెయ్యి పట్టు దొడ్డమ్మా, ఆయన నిలబడి ఉన్నారు,” అన్నాడు మా మరిది కొడుకు.

వాడి ముఖం చూశాను. వాడి వెనక నిలబడిన ముగ్గురు తమ్ముళ్ల ముఖాలు చూశాను. సరిగ్గా నలుగురు. చెయ్యి పట్టాను.