పద్నాలుగో మడి

హసకె పట్నానికి దిగువన వానలు తక్కువ. బార్లీ చాలా ఏళ్ళు కొడవలికి అందేంత ఎదగదు. ఆడవాళ్ళు వరసగా ఒంగి వేళ్ళతో సహా పీకుతారు. పొట్టిదైతే మోకాళ్ళ మీద పాకాలి. నౌఫా కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ సంగతి ఆమె నడుముకు బాగా తెలుసు.

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. పరిశోధన కేంద్రం ఇంజనీరు గస్సాన్ వాళ్ళ చేలో ఇరవై మళ్ళు వేశాడు. ఊరి నల్ల బార్లీకీ, గింజ బాగా కాసే బయటి పొట్టి రకానికీ పుట్టిన పిల్లలవి. ఒక మడి తల్లిలా పొడుగు, ఇంకోటి తండ్రిలా పొట్టి. మూడో మడి మోకాలెత్తునే వెన్నులు కిక్కిరిసి ఉంది. పద్నాలుగోది గింజలో దానికి కాస్త వెనక, కానీ తల్లి ఎత్తు పోగొట్టుకోలేదు.

"మూడోదే. ఇంకా చూసేదేముంది," అన్నాడు మామ హవ్వాస్.

గస్సాన్ ఆడవాళ్ళవైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా? పీకేది మీరేగా."

"మా నౌఫాని అడగండి," అంది తోడికోడలు ఫిద్దా. "గొర్రెలతో పొద్దస్తమానం కబుర్లే. మనుషులతోనే మూగనోము."

అందరూ నవ్వారు. నౌఫా ముసుగు అంచు పంటితో పట్టుకుంది. వాన లేని ఏడు మూడోది చేతికందదు, మందకు మేత ఉండదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మామ ఆమెనే చూస్తున్నాడు.

"మామయ్య చెప్పిందే," అంది.

మూడోదాన్ని విత్తనానికి ఉంచారు. మిగతావన్నీ మేతకే. పద్నాలుగో మడి పనలు నౌఫాయే మోసుకెళ్ళి గొర్రెల ముందు వేసింది.

మూడో ఏడు వాన ముఖం చాటేసింది. చేనంతా వేసిన మూడో మడి బార్లీ బెత్తెడు ఎత్తునే ఈనింది. పీకబోతే పిడికిటికి దొరకలేదు. చివరికి మందను చేలోకి తోలారు. వారంలో నేల నున్నగా అయింది. చలికాలానికి మేత లేక హవ్వాస్ సగం గొర్రెల్ని సంతకు తోలేశాడు.

గస్సాన్ వచ్చినప్పుడు నౌఫా టీ పెట్టి అక్కడే నిలబడింది.

"ఇంజనీరుగారూ, ఆ పద్నాలుగోది మీ దగ్గర ఉందా?"

"ఎవరూ కోరలేదని తీసేశామమ్మా."

"దాని తల్లినీ తండ్రినీ మళ్ళీ కలిపితే?"

"పిల్లలు పుడతాయి, అదే పిల్ల పుట్టదు. కాపుకి కారణం ఒక్కటి కాదు. ఎత్తొక చోట నుంచి, గింజొక చోట నుంచి, ఇలా ఎన్నో. అన్నీ మళ్ళీ ఒకే మొక్కలో పడాలిగా. పదేళ్ళు వెతికినా దొరుకుతుందనలేను."

హవ్వాస్ గ్లాసు కింద పెట్టాడు. "అది చేతికందేదా?"

"అందేది, మామయ్యా."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"మీరు వినేవారు కాదు."

"వినేవాణ్ణి కాదులే," అన్నాడాయన, కోపం లేకుండా. "మేత వేసేది నువ్వేగా, కోడలా. గుప్పెడు గింజలు దాచుకుంటే నిన్నెవరడిగేవాళ్ళు?"

నౌఫా వంగి ఆయన గ్లాసు తీసుకుంది. ఆ పనలు మోసిన రోజు దారిలో ఆమెను చూసినవాళ్ళు కూడా లేరు.