మూరెడు కత్తితో గాజుల దోపిడీ

ఆ రోజుల్లో నాకు రెండు విద్యలు వచ్చు: ఎంత బిగుతు గాజైనా నొప్పి తెలియకుండా తొడగడం, తొడుగుతున్నంతసేపూ నవ్వించడం. (మూడోది చదువు. అది ఎనిమిదో తరగతిలోనే నన్ను వదిలించుకుంది.) చార్మినార్ పక్క గల్లీలో సేట్ గాజుల దుకాణంలో పని. "నీ ముచ్చట్లల్ల ఇంకొక్క జత పోయినా సీదా మీ ఊరు జల్‌పల్లి బస్సెక్కు," అని ఆయన అప్పటికే రెండుసార్లు హెచ్చరించాడు.

ఒక మధ్యాహ్నం సేట్ భోజనానికి వెళ్ళినప్పుడు, కార్వాన్ నుంచి వచ్చిన ఒక అవ్వకు రాళ్ళు పొదిగిన లక్క గాజులు రెండు చేతులకూ తొడిగాను. పక్కనున్న పెళ్ళివాళ్ళను నవ్వించి ఇటు తిరిగేసరికి అవ్వ లేదు, గాజులూ లేవు. అంతలో సేట్ వచ్చాడు. ఆయన్ని చూడగానే నోరు తనంతట తానే కదిలింది: "కత్తి చూపిచ్చి గుంజుకపోయిన్రు సేట్." పాపం ఆయన కరిగిపోయి, చాయ్ తాగించి మరీ పోలీస్‌స్టేషన్‌కు తీసుకెళ్ళాడు.

అక్కడ మీసాల హెడ్ కానిస్టేబుల్ కాగితం ముందు పెట్టుకొని, "సోంచాయించి చెప్పు. నీకు తెల్వకుంట తీస్కపోతే దొంగతనం. కొట్టో, కొడ్తమని బెదిరిచ్చో గుంజుకుంటే దోపిడీ. దోపిడీ అని రాస్తే దొరికినోడు ఏండ్లకేండ్లు లోపలుంటడు. కత్తి ఎంతుండె?" అన్నాడు.

నేను చేతులతో కొలత చూపిస్తుండగా (మూరెడు దగ్గర ఆగాను), పక్క దుకాణం భాయ్ అవ్వను వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఈడున్నవా బిడ్డా. గల్లీ చివర మా కోడలు చీరెలు చూస్తుంటె, రంగు కలుస్తదా అని చూపెట్టొచ్చిన. దానికి నచ్చలే. తీద్దామంటే వస్తలేవు, జర సబ్బు పెట్టి తియ్యి," అంది అవ్వ.

సేట్ నా వైపు చూశాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే నా మూరెడు కత్తి ఆ ముసలి చేతిలోకే పోయేలా ఉంది.

"కత్తి లేదు సార్. నా చేత్తోటి నేనే తొడిగిన," అన్నాను.

"మరి బెదిరిచ్చిందెవరు?"

"సేట్. బస్సెక్కుమని."

హెడ్ కానిస్టేబుల్ మీసం కదిలింది. "తొడిగింది నువ్వేనాయె, ఆమెకు దొంగబుద్ధి లేకపాయె. ఇది దోపిడీ కాదు, దొంగతనం గుడ కాదు. ఇంకోసారి అబద్ధమాడితే కేసు నీ మీదనే. నల్లా కాడ సబ్బుంది, పో," అని కాగితం చింపేశాడు.

సేట్ నన్ను బస్సెక్కించలేదు. కానీ ఆ తర్వాత ఏ జత తగ్గినా, "ఏంది భాయ్, దొంగతనమా, దోపిడీయా?" అని అడిగేవాడు. "నా ముచ్చట్లే సేట్," అనేవాణ్ణి. ఇప్పుడు సేట్ లేడు. అదే గల్లీలో నాకో చిన్న దుకాణం ఉంది. లెక్కకు ఒక జత రానప్పుడల్లా ఆయన గొంతుతో నన్ను నేనే అడుగుతాను. జవాబు మాత్రం ఇప్పటికీ మారలేదు.